అడుగు కనపడాల

ప్రొద్దుటూరులో ఒకరింట్లో స్విమ్మింగ్ పూల్ ఉందంటే బెంగుళూరులో మా టీమ్ వాళ్ళు నవ్వుతారు. "మీ కడపలో తాగడానికే నీళ్ళుండవు కదరా" అంటారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు కాబట్టి నేనూ నవ్వి ఊరుకుంటా. కానీ ఉంది. మా మామది. ఊరి బయట, జమ్మలమడుగు రోడ్డులో, ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. మామ దాన్ని పూల్ అనడు, "తొట్టి" అంటాడు. ఈత తొట్టి అని పూర్తిగా కూడా అనడు.

పోయిన ఎండాకాలం వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికితే రెండు నెలలు అక్కడే మకాం వేశాను. దిగిన మర్నాడే ఫిల్టరు డ్యూటీ నా నెత్తిన పడింది. కారణం ఒకటే, "నువ్వు ఇంజినీరింగ్ చదివినావు కదబ్బీ". నేను చదివింది కంప్యూటర్ సైన్సు అని చెప్తే మా బంధువుల్లో ఎవరికీ అది అడ్డుగా అనిపించదు. ఫ్యాను తిరక్కపోయినా నేనే, ఫోన్లో ఫోటోలు పోయినా నేనే :)

ఫిల్టరంటే ఏదో యంత్రం అనుకున్నా. చూస్తే ప్లాస్టిక్ బాన, దాని నిండా ఇసుక! అంతే. పంపు తొట్టిలో నీళ్ళు లాగి బాన పైనుంచి తోస్తుంది, నీళ్ళు ఇసుకలో దిగి కింద సన్న చీలికలున్న గొట్టాల్లోంచి మళ్ళీ తొట్టిలోకి పోతాయి. బాన మీద ఒక పిడి, దానికి ఆరు స్థానాలు. అందులో ముఖ్యమైంది బ్యాక్‌వాష్. అక్కడ పెడితే నీళ్ళు కిందనుంచి పైకి ఎదురు తిరిగి, ఇసుకను లేపి, మురికినంతా బయటికి కక్కిస్తాయి. తర్వాత అర నిమిషం రిన్స్, మళ్ళీ ఫిల్టర్. పిడి తిప్పేముందు పంపు ఆపి తీరాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు గాస్కెట్ నలిగి, మురికి నీళ్ళూ మంచి నీళ్ళూ ఏకమైపోతాయి. ఇది మాన్యువల్లో చదివాను కాబట్టి ఆ ఒక్క తప్పూ చెయ్యలేదు. మిగతావన్నీ చేశాను.

నేను వెళ్ళేసరికి తొట్టిలో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. పచ్చగా లేవు, నాచు లేదు, తెల్లగా మడ్డి మడ్డిగా ఉన్నాయి. రెండో మెట్టు కింద ఏముందో తెలీదు. మురికి ఉందంటే ఫిల్టరు కడగాలి, ఇంకా ఉందంటే ఇంకా కడగాలి, ఇదీ నా లాజిక్కు. సర్వర్ స్లో అయితే రీస్టార్ట్ చేసే జాతి కదా మనది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మూడేసి నిమిషాలు బ్యాక్‌వాష్. వారం చేశాను. నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

ఇంత హడావుడి ఎందుకంటే, మా అక్క ఒక షరతు పెట్టింది. పెద్దమ్మ కూతురు, జమ్మలమడుగులో ఉంటుంది.

2020 నవంబరులో నివర్ తుఫానుకి పెన్న వచ్చింది గుర్తుందా? నీళ్ళు పోయాక ఏట్లో ఇసుక తవ్విన గుంతలు అట్లాగే నిండి ఉండిపోయినాయి. పైకి చూస్తే మోకాలి లోతు మడుగులాగా ఉంటుంది, ఒక అడుగు ముందుకేస్తే రెండు మనుషుల లోతు. 2021 సంక్రాంతి సెలవుల్లో అక్క కొడుకు దోస్తులతో పోయి అందులో దిగినాడు. పదకొండేళ్ళు. తక్కినవాళ్ళు గట్టు మీదే ఉన్నారు. కేకలేశారు, ఒకడు దిగబోయాడు కూడా. కానీ నీళ్ళు ఎర్రగా, మడ్డిగా ఉండి, వాడు ఎక్కడ మునిగాడో ఎవరికీ కనపడలేదు. మూడు గంటలు వెతికారు. గుంత తవ్వింది ఎవరో ఇక్కడ రాయను.

మా మామ తరంలో అందరికీ ఈత వచ్చు. పులివెందుల పక్క పల్లెల్లో ఆరేళ్ళ పిల్లోణ్ణి వీపుకి సొరకాయ బుర్ర కట్టి బాయిలోకి తోసేవాళ్ళట. బాయి నీళ్ళు తేటగా ఉండేవి, గట్టు మీద పది మంది ఉండేవాళ్ళు. తర్వాత బోర్లొచ్చాయి, బాయిలు ఎండిపోయాయి, కంపచెట్లు మొలిచాయి. మా తరానికి ఈత రాదు. నాకూ రాదు. నీళ్ళు లేని సీమలో ఈతెందుకు అనుకుంటాం గానీ, నీళ్ళు అరుదుగా వచ్చే చోటే పిల్లలు నీళ్ళను చూసి ఆగలేరు.

ఆ తర్వాతి ఏడే మామ తొట్టి కట్టించాడు. ఊళ్ళో కొందరు "బంగారం అంగడి డబ్బులు ఎక్కువైనట్లుండాయి" అన్నారు. అననీ. అక్క కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, ఆ పిల్లకి ఈత నేర్పించాలని మామ ఆశ. మూడేళ్ళు అడిగితే పోయిన ఎండాకాలానికి అక్క ఒప్పుకుంది. "అడుగు కనపడాల మామా. నేను గట్టు మీద నిలబడితే అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనపడాల. అప్పుడే దింపుతా."

ఆమాట ఆమె బాధలోంచి అన్నదే గానీ, నిజానికి పూల్ భద్రతలో మొదటి నియమం కూడా అదే. అడుగున ఉన్న జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనపడకపోతే ఆ పూల్లోకి ఎవర్నీ దింపకూడదు. నీళ్ళు తేటగా ఉండేది అందం కోసం కాదు, మునిగిన మనిషి కనపడాలని. నేను అప్పటిదాకా దాన్ని అట్లా ఆలోచించలేదు.

ఎనిమిదో రోజు పులివెందుల నుంచి చిన్నాయన పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చాడు. మా పిన్నమ్మ మొగుడు. పదెకరాల చీనీ తోట. వాకిట్లో బండి నిలిపి, కాళ్ళు కడుక్కుని, నేరుగా వెనక్కి వచ్చాడు. నేను బ్యాక్‌వాష్ చేస్తున్నా. కాసేపు చూసి, "ముల్లు ఎంతలో ఉంది అబ్బీ?" అన్నాడు.

"ఏ ముల్లు చిన్నాయనా?"

బాన మీద చిన్న గడియారంలాంటిది ఉందే, ప్రెషర్ గేజి, అది. వారం రోజులుగా దాని పక్కనే నిలబడి పిడి తిప్పుతున్నా, ఒక్కసారి కూడా చూడలేదు. లాగ్ చూడకుండా డీబగ్ చేసేవాణ్ణి చూస్తే ఆఫీసులో నాకెంత కోపమో మా జూనియర్లను అడగండి.

విషయమేంటంటే, పులివెందుల చుట్టుపక్కల చీనీ, అరటి తోటల్లో డ్రిప్పు ఉన్న రైతుకి ఇసుక ఫిల్టరు కొత్త కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలైనాక డ్రిప్పు ఊరూరికీ పాకింది. కాలువ నీళ్ళో, కుంట నీళ్ళో పెట్టేవాళ్ళకి షెడ్డులో ఇదే బాన, ఇదే ఇసుక, ఇదే బ్యాక్‌వాష్. అక్కడ రెండు గేజీలుంటాయి, ఫిల్టరుకి ముందొకటి, వెనకొకటి. తేడా పెరిగితే కడుగుతారు. చిన్నాయన చెప్పింది ఇదీ:

"కడిగిన ఇసుక గుడ్డిది అబ్బీ. కొంచెం మురికి పట్టినాకే దానికి కండ్లొస్తాయి. నువ్వు కండ్లొచ్చేలోపల పొడుస్తాండావు."

నిజమే. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, కొత్తగా కడిగినప్పుడు సన్న మడ్డి వాటిలోంచి జారిపోతుంది. ముందు చిక్కుకున్న మడ్డే తర్వాత వచ్చే మడ్డిని పట్టుకుంటుంది. అలాగని వదిలేస్తే సందులు పూడి నీళ్ళే పోవు. అందుకే లెక్క: ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు గేజి ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోవాలి, దానిపైన 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగాకే కడగాలి. మా బానకి శుభ్రంగా ఉన్నప్పుడు 10. అంటే 18 దాటేదాకా ముట్టుకోకూడదు. నేను 11 దగ్గరే కడిగేస్తున్నా!

ఇది డ్రిప్పు రైతు కనిపెట్టిందీ కాదు, పూల్ కంపెనీలు కనిపెట్టిందీ కాదు. ఇంగ్లండులో 1829లోనే లండన్ నీళ్ళను ఇసుకలో వడగట్టారు. 1892లో జర్మనీలో హాంబర్గ్ ఊరు ఎల్బ నది నీళ్ళను వడగట్టకుండా తాగి కలరాతో 8 వేల మందికి పైగా జనాన్ని పోగొట్టుకుంది. దాన్ని ఆనుకునే, నదికి ఇంకా దిగువన ఉన్న ఆల్టోనా, హాంబర్గ్ మురికి కలిసిన నీళ్ళనే ఇసుకలో వడగట్టి తాగి చాలావరకు బతికిపోయింది. అవి నిదానంగా వడగట్టే ఇసుక మడులు. వాటి పైన పేరుకునే జిగట పొరే క్రిముల్ని ఆపేది. మా బానలో నీళ్ళు పరిగెత్తుతాయి, ఆ పొర కట్టదు, క్రిముల పని క్లోరిన్ చూసుకోవాలి. కానీ ఇసుక మీద మురికి కూడా పనిచేస్తుందనే సంగతి మాత్రం రెండిట్లోనూ ఒకటే.

చిన్నాయన అంతటితో ఆగలేదు. తొట్టిలో చెయ్యి ముంచి, ఎండలో ఆరనిచ్చి, వేళ్ళ మీద తెల్లటి పొడి చూపించాడు. "ఇది మురికి కాదు బావా, సున్నం" అన్నాడు మామతో.

ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, మన ఇళ్ళలో పరిచే కడప బండలు, అన్నీ దాని పుణ్యమే. బోరు నీళ్ళలోనే సున్నం కరిగి ఉంటుంది. మామ దాంట్లో క్లోరిన్ కోసమని వారానికి రెండు కిలోల బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నాడు. బ్లీచింగ్ పౌడరులో సగానికి సగం సున్నం సరుకే. పీహెచ్ చూస్తే 8.4. ఆ దగ్గర కరిగిన సున్నం కరిగి ఉండదు, తెల్లగా విరిగి నీళ్ళలో తేలుతుంది. దాన్ని నేను రోజూ రెండుసార్లు గుడ్డి చేస్తున్న ఇసుకతో పట్టాలని చూస్తున్నా.

బ్లీచింగ్ మానేసి లిక్విడ్ క్లోరిన్ మొదలుపెట్టాం, అదీ సూర్యుడు దిగాక, ఎందుకంటే మన ఎండకి క్లోరిన్ గంటల్లో ఆవిరి. పీహెచ్ తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్, డ్రిప్పు పైపుల్లో సున్నం తీయడానికి రైతులు వాడేదే. బకెట్ నీళ్ళలో ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. ఆసిడ్ క్యానూ క్లోరిన్ డబ్బా ఒక గదిలో ఉండకూడదు, రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. ఇవన్నీ చిన్నాయన చెప్పిందే. నా వంతుగా గట్టు బండ మీద ఆసిడ్ ఒలకబోశాను. కడప బండ బుసబుసా నురగ కక్కింది, ఇప్పటికీ అక్కడ తెల్ల మచ్చ ఉంది. మామ వచ్చినవాళ్ళకి చూపిస్తుంటాడు, "మా ఇంజినీరు సంతకం" అని.

బాన మూత విప్పితే లోపల ఇసుక ఉండలు కట్టి ఉంది. సున్నం పట్టి గడ్డలైపోయింది, నీళ్ళు గడ్డల పక్కన దారి చేసుకుని పోతున్నాయి. మార్చక తప్పదు, వంద కిలోలు. "పెన్న ఇసుక రెండు బస్తాలు జల్లిస్తే సరిపోదా?" అన్నాడు మామ. సరిపోదు. ఏటి ఇసుకలో లావూ సన్నమూ మట్టీ అన్నీ ఉంటాయి, సన్నది కింద చీలికల్లోంచి తొట్టిలోకే వస్తుంది. ఫిల్టరుకి అర మిల్లీమీటరు దగ్గర ఒకే సైజు రేణువులు కావాలి. నేను ఇదంతా మొదలుపెట్టేలోపే అత్త లోపల్నుంచి "ఆ ఇసుక ఈ ఇంట్లోకి రాకూడదు" అంది. ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు. బెంగుళూరు నుంచి పార్సెల్లో తెప్పించాం.

ఇక నీళ్ళ లెక్క. ఇది రాయకపోతే మా టీమ్ వాళ్ళ నవ్వుకి నేను జవాబు చెప్పనట్టే. తొట్టి నిండా 22 వేల లీటర్ల పైచిలుకు. మే నెలలో రోజుకి దాదాపు సెంటీమీటరు ఆవిరి, అంటే 180 లీటర్లు. పంపు గంటకి 10 వేల లీటర్లు తోస్తుంది కాబట్టి మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కి 500 లీటర్లు. నేను రోజుకి రెండుసార్లు, అంటే వెయ్యి లీటర్లు. వారం రోజులు. పక్క వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని కూర్చునే ఊళ్ళో, ఒక ట్యాంకరున్నర నీళ్ళు నా తెలివితక్కువతనానికి కాలవలో పోశాను. ఒకరోజు పక్కింటి ఆమె గోడ మీదనుంచి చూసి "ఆ నీళ్ళు బోకులు కడుక్కోను మాకియ్యచ్చు కదప్పా" అంది. మామూలుగానే అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇప్పుడు నెలకి రెండుసార్లే కడుగుతున్నారు, ఆ నీళ్ళు ఒక రోజు డ్రమ్ముల్లో నిలవబెట్టి, క్లోరిన్ పోయాక కొబ్బరిచెట్లకి. రాత్రిళ్ళు తొట్టి మీద టార్పాలిన్ కప్పుతున్నారు. అయినా ఇంటికో తొట్టి కట్టుకోమని నేను చెప్పను. ఊరికొకటి, బడికొకటి ఉండాలంటా. బాయిలు ఊరందరివీ, ఈ తొట్టి మా ఇంటిది, ఆ తేడా నన్ను తొలుస్తూనే ఉంది. మామతో అంటే, "పక్కింటి పిల్లోల్లను కూడా రమ్మను, ఎవురు వద్దన్నారు?" అన్నాడు. ఇద్దరు వస్తున్నారు.

ఇసుక మార్చాక నాలుగో రోజు పొద్దున గేజి 10 మీదుంది. నేను పిడి ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నమే అక్క వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. లోతు ఉన్న వైపు పోయి నిలబడి, కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలో వేసింది. అది అటూ ఇటూ ఊగుతూ దిగి అడుగున పడింది. చాలాసేపు దాన్నే చూసింది.

"బొమ్మ పడిందా, బొరుసు పడిందా?" అని కూతుర్ని అడిగింది.

"బొరుసు మా" అంది ఆ పిల్ల.

అక్క పైట దోపుకుని మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.