పత్తి కాటా మీద బంగారం

సినిమావాళ్ళు మా సీమ సుమోలను గాలిలోకి లేపి చూపించారు గాని, ఆ ఇంజనులోకి గాలి ఎంత పోతుందో ఎవరూ చూపించలేదు. ఆ లెక్క చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మా నలుగురి మెడకు పడింది. పాత టర్బో సుమో ఇంజనుకు ప్రెషర్ సెన్సార్ కొనాలి. డబ్బు ఒక్కదానికే ఉంది.

“పది బార్లది తెద్దాం లేప్పా, ఎక్కువుంటే పోయేదేముంది?” అన్నాడు ఆదోని మిత్రుడు.

పోయేది ఉంది. సెన్సార్ 0.5 నుంచి 4.5 వోల్టుల లోపలే మాట్లాడుతుంది. ఆ 4 వోల్టులను 10 బార్లకు పంచితే, బార్‌లో పదోవంతు తేడాకు 0.04 వోల్టు, 3 బార్లకు పంచితే 0.13. వాళ్ళ ఊరి పత్తి కాటా మీద ప్రొద్దుటూరు బంగారం తూచినట్లన్నమాట!

పోనీ, 2 బార్లది? మా టర్బో ఊపు మీద 1.2 బార్ దాకా అదనంగా తోస్తుంది. కర్నూలులో బయటి గాలి ఒత్తిడే సుమారు 0.98. కలిపితే 2.18. అసలు పని పడే వేళకు సెన్సార్ చేతులెత్తేస్తుంది.

గేజా, ఆబ్సొల్యూటా అన్న దగ్గర పెద్ద తగువే జరిగింది. గేజ్ సెన్సార్ బయటి గాలినే సున్నా అనుకుంటుంది. కడప నుంచి పోయి తిరుమల కొండెక్కితే బయటి ఒత్తిడి 0.91 దగ్గరికి దిగుతుంది. ఆ సంగతి దానికి తెలియదు. దాని మాట నమ్మి పాత లెక్కనే డీజిల్ పోస్తే పొగగొట్టం నల్లగా కక్కుతుంది. ఆబ్సొల్యూట్ సెన్సార్ శూన్యం నుంచి కొలుస్తుంది.

ఒత్తిడి ఒక్కటే చాలదు సుమా. 20 డిగ్రీల గాలి మన మే నెల 43 డిగ్రీలకు చేరితే, అదే ఒత్తిడిలో 7 శాతం పలచబడుతుంది. టర్బో దాటాక 100 డిగ్రీలు మించినా మించవచ్చు. అందుకే 125 డిగ్రీలకు తట్టుకొని, ఉష్ణోగ్రత కూడా చెప్పే 3 బార్ల ఆబ్సొల్యూట్ సెన్సార్ తెప్పించాము. ఆ నెల మెస్సు బిల్లు మాత్రం నిలిచిపోయింది.