అవ్వ గోడమీది లెక్క

మా బొంగులూరులో మామకు చిన్న పాల కేంద్రం ఉంది. ఔటర్ రింగు రోడ్డు, సాగర్ రోడ్డు కలిసే ఊరు కావడంతో పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి. అయినా పాడి వదలని ఇళ్ళు కొన్ని మిగిలాయి. 2013లో, కంప్యూటర్ చదువు కొత్త మోజులో, ఆ కేంద్రానికి నేనే ఓ ప్రోగ్రాం రాసిచ్చాను. పాలు ఎన్ని మిల్లీలీటర్లో కొడితే చాలు, డబ్బు లెక్కగట్టి చీటీ ఇచ్చేది. రాసింది పైథాన్ భాషలో. “పాము పేరేందిరా?” అంది అమ్మ. పాము పేరు కాదు, ‘మాంటీ పైథాన్’ అనే ఇంగ్లీషు హాస్య కార్యక్రమం పేరు.

2021లో పాత కంప్యూటర్ పాడైంది. కొత్తదాంట్లో పైథాన్ 3 వేశాను. అది 2008లోనే వచ్చింది. పాత పైథాన్ 2ను 2020 జనవరి 1తో వదిలేశారు. సాధారణంగా భాష కొత్తదైనా పాత రాత నడుస్తుంది. ఇక్కడ మాత్రం కావాలనే కొన్ని నియమాలు మార్చారు. నా ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోయింది.

‘టూ టు త్రీ’ అనే పనిముట్టుతో సగం సర్దుకుంది. చీటీ అచ్చువేసే ప్యాకేజీ మాత్రం మొండికేసింది. ఎవరో పుణ్యాత్ముడు రాసి ఉచితంగా పెట్టినది, ఎప్పుడో వదిలేశాడు కూడా. విప్పి చూస్తే చిక్కంతా తెలుగు పేర్లతోనే. ‘అమ్మ’ అని మామూలుగా రాస్తే పాత పైథాన్ 12 అని లెక్కపెట్టేది, గుర్తుకు మూడు బైట్ల చొప్పున. కొత్తది 4 అంటుంది: అ, మ, పొల్లు, మళ్ళీ మ. మనకేమో రెండక్షరాలే! వరుసలు కుదిరేసరికి మూడు రాత్రులు పట్టింది.

నాలుగో రోజు చీటీ వచ్చింది. “రూపాయల పక్కన గీ పైసలేందిరా?” అన్నాడు మామ. కొత్తదే తప్పు చూపిస్తోందనుకుని, పైసలు తీసేయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, అవ్వ.

రెండు పూటలా పాలు తెచ్చే అవ్వ. “నీ మిషిన్ తక్కువ జెప్తున్నది బిడ్డా” అని ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. ఇంటి గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకునేది. మేము నవ్వి ఊరుకునేవాళ్ళం. చదువుకున్నవాడు రాసిన లెక్క తప్పుతుందా అని మామ ధీమా.

తప్పింది. పైథాన్ 2లో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే శేషాన్ని వదిలేస్తుంది. 5ను 2తో భాగిస్తే 2 అంటుంది, పైథాన్ 3 అయితే రెండున్నర. లీటరు 35 రూపాయల చొప్పున 1,750 మిల్లీలీటర్లకు 61 రూపాయల 25 పైసలు రావాలి. నా ప్రోగ్రాం 61 ఇచ్చింది. పూటకు పావలా, రోజుకు అర్ధరూపాయి, నెలకు 15 రూపాయలు. నియమం భాషదే, కానీ అది చూసుకోకుండా రాసింది నేను. ‘టూ టు త్రీ’ కూడా భాగహారాన్ని ముట్టుకోదు.

మామకు చెప్పడానికి ఒక పూటంతా నోరు రాలేదు. విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఎంతమందికి?” అనడిగాడు.

పాత ఫైళ్ళన్నీ ఉన్నాయి కాబట్టి ఎనిమిదేళ్ళ లెక్క మళ్ళీ నడిపించాను. 23 మంది. ఇద్దరు పోయారు, వాళ్ళ కొడుకులకు ఇచ్చాం. అవ్వకు రెండు వేల పైచిలుకు తేలింది. సగం నేను వేసుకున్నాను. అవ్వ నోట్లు లెక్కపెట్టుకుని, గోడ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసి, “ఇంకో పదకొండు రూపాయలు రావాలె” అంది.

ఇచ్చేశాం.