ముగ్గురం, ఒక జత బూట్లు

2008 వేసవిలో ప్రాజెక్టు పని మీద మా హాస్టల్ నుంచి ముగ్గురం అప్పటి ఉమ్మడి రాష్ట్ర రాజధాని హైదరాబాద్ బయలుదేరాం. మొదటిరోజే ఆఫీసు గేటు దగ్గర చెప్పులతో లోపలికి రావద్దన్నారు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒకటే జత బూట్లు! ఒకరం లోపలికి పోతే ఇద్దరం బయట వేపచెట్టు కింద కూర్చున్నాం.

ఎక్కడుండి చదివారని అడిగితే వరంగల్ అన్నాం గానీ, సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అని నోరు రాలేదు. మూడో తరగతి నుంచి మాకు అన్నం పెట్టిన పేరు అది.

ఆదివారం బూట్ల కోసం వెళ్ళి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఆగిపోయాం. సగం డబ్బులు అక్కడే అయిపోయాయి. మిగిలినవాటితో ఒక్క జతే వచ్చింది. చార్మినార్ కూడా చూశాం. 1591లో కట్టారట. 1163 నాటి మన వేయిస్తంభాల గుడి కంటే వయసులో చిన్నదేనని నవ్వుకున్నాం.

సోమవారం ఇద్దరం లోపల, ఒకరం బయట.

చివరిరోజు మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి హాస్టల్ పేరు చెప్పాం. ఎవరూ ఏమీ అనలేదు, టీ తాగి వెళ్ళమన్నారు.