కారుకి ఖరీదు కట్టిన రోజు

బీరకాయల దగ్గర రెండు రూపాయలకి బేరమాడతామని మగవాళ్ళు మనల్ని వేళాకోళం చేస్తారు కదా! మరి లక్షల కారుకి ఇన్సూరెన్సు కట్టేనాడు ఆ బేరం ఎక్కడికి పోతుందో!

మా పెద్దాడపడుచు కారు లారీ గుద్ది నుజ్జునుజ్జయింది. మనుషులకేం కాలేదు, అదే పదివేలు. బాగుచేయించే ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటిందని సర్వేయరు 'టోటల్ లాస్' అని తేల్చాడు. తీరా డబ్బిచ్చే వేళకి, "పాతబండి కదమ్మా, మార్కెట్లో అంత రాదు" అంటూ కంపెనీవాళ్ళు లక్ష కోసి సంతకం పెట్టమన్నారు.

వదిన పాలసీ తీసింది. అందులో ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. కొత్తబండి ధరలోంచి వయసుకి తగ్గ తరుగు ముందే తీసి వేసిన విలువ అది. పాలసీ నడిచినన్నాళ్ళూ టోటల్ లాస్‌కి మళ్ళీ తరుగు తీయకూడదు.

"ప్రీమియం ఈ అంకె మీదేగా పుచ్చుకున్నారు బాబూ?" అంది శాంతంగా. సంతకం పెట్టకుండా ఉత్తరం రాసింది. నెలలో జవాబు రాకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. అక్కడ ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు. అంతదూరం పోకుండానే, పాలసీలో రాసిన వెయ్యి మినహాయించి మిగతాదంతా ఇచ్చారు.

అయితే ఒక్కమాట. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఆ అంకెనే తగ్గించి రాయించుకుంటే, తర్వాత ఎంత పోట్లాడినా పెరగదు. ఈసారి రెన్యువల్ వచ్చినప్పుడు, మీవారి చేతిలోంచి అందుకుని ఆ ఒక్క గడీ చదవండి.