మూగబోయిన గిటార్ నేర్పిన పాఠం

స్నేహితుడు అడిగాడని గిటార్ ఇచ్చాడు ఆ కుర్రాడు. తిరిగొచ్చేసరికి అందులో ఒక పికప్ మూగబోయింది! అది 1960ల నాటి అమెరికా, న్యూజెర్సీ. రకరకాల పికప్‌లు ఇప్పటిలా డబ్బాల్లో దొరికే రోజులు కావవి. అలాగని గిటార్‌ని మూలన పడేయడానికి మనసొప్పలేదు. సన్నని రాగితీగ సంపాదించాడు. పాటల రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్‌నే యంత్రంగా మార్చుకుని, చుట్టు మీద చుట్టు తనే చుట్టాడు. పికప్ మళ్లీ పలికింది! ఆ కుర్రాడి పేరు సీమోర్ డంకన్.

ఇంతకీ పికప్ అంటే ఏమిటి? ఎలక్ట్రిక్ గిటార్‌కి అది చెవి లాంటిది. తంత్రుల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత రాగితీగ కొన్ని వేల చుట్లు... అంతే. పైన ఉక్కు తంత్రి కదిలితే కింద చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. దాన్నే యాంప్లిఫయర్ పెద్దది చేసి వినిపిస్తుంది. చుట్లు పెంచితే శబ్దం జోరందుకుంటుంది, కానీ పైస్వరాల్లో మెరుపు తగ్గుతుంది. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోవాల్సిందే.

ఒకే చుట్ట ఉంటే స్వరం గలగలా పలుకుతుంది. వెనకే కరెంటు హోరూ వినిపిస్తుంది. ఆ హోరుకి 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ విరుగుడు కనిపెట్టారు. రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి హోరుని హోరుతోనే కొట్టేయించారు. అదే హంబకర్. స్వరమూ చిక్కబడింది.

మళ్లీ డంకన్ దగ్గరికి వద్దాం. 1970ల మొదట్లో ఆయన లండన్‌లో గిటార్లు బాగుచేసేవారు. అభిమాన వాద్యకారుడు జెఫ్ బెక్‌కి ఏదైనా ఇవ్వాలనిపించింది. పాత టెలికాస్టర్ గిటార్ ఒకటి తీసుకున్నారు. పాడైన రెండు గిబ్సన్ హంబకర్లను మళ్లీ చుట్టి అందులో బిగించారు. బెక్ వేళ్లకు సరిపోయేలా తయారైన ఆ గిటార్ 1975 నాటి ‘బ్లో బై బ్లో’ ఆల్బమ్‌లో పలికింది. బదులుగా బెక్ తను ఎంతో కాలం వాయించిన ఎస్క్వైర్ గిటార్‌ని ఆయన చేతిలో పెట్టారు! 1976లో డంకన్, కాథీతో కలిసి కాలిఫోర్నియాలో పికప్‌ల కంపెనీ ప్రారంభించారు. బెక్ 2023లో కన్నుమూశారు. ఆ కానుక నుంచి పుట్టిన ‘జేబీ’ పికప్ మాత్రం ఎందరి గిటార్లలోనో పలుకుతూనే ఉంది.

ఒక మనిషి వాయింపుని విని చేసిన పికప్ అది. కొనేవాళ్లూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నా గిటార్‌లో నాకు వినిపించనిదేమిటి? మెరుపా, జోరా, నిశ్శబ్దమా? దానికి జవాబు దొరక్కుండా డబ్బు తీయకూడదు. ముందు కొత్త తంత్రులు వేసి చూడాలి. పికప్ పక్కనున్న స్క్రూలు తిప్పి, దాన్ని తంత్రులకు కాస్త దగ్గరగానో దూరంగానో జరపాలి. చాలాసార్లు జబ్బు అక్కడే నయమవుతుంది, పెద్ద ఖర్చు లేకుండా!

అప్పటికీ మార్చాలనిపిస్తే డబ్బా మీది కిలో ఓమ్‌ల అంకె ఒక్కటీ చూసి మోసపోకూడదు. అంకె పెద్దదైతే స్వరం గొప్పదవదు. అయస్కాంతం రకం, తీగ మందం, చుట్టిన తీరు అన్నీ కలిస్తేనే స్వరం. కొలతలూ ముఖ్యమే. సింగిల్ కాయిల్ గాడిలో మామూలు హంబకర్ పట్టదు. బేస్ గిటార్‌లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. జాజ్ బేస్‌లో బ్రిడ్జి వైపు పికప్ సాధారణంగా రెండోదానికన్నా కాస్త పొడవు. అక్కడి రెండు పికప్‌లూ జోడీగా ఉండి ఒకదాని హోరుని మరొకటి కొట్టేస్తాయి. జత కుదరని దాన్ని ఒక్కటే మారిస్తే పోయిందనుకున్న హోరు తిరిగొస్తుంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకమైతే గిటార్ లోపల 9 వోల్టుల బ్యాటరీకి చోటుందో లేదో ముందే చూసుకోవాలి.

అన్నట్టు, తీసేసిన పాత పికప్‌ని పారేయొద్దు. ఏ రంగు వైరు ఎక్కడుండేదో కాగితం మీద రాసి, దానితోపాటు దాచాలి. కొత్తది నచ్చకపోతే పాత గొంతు మళ్లీ తెచ్చుకోవచ్చు. మూగబోయిన పికప్‌ని పారేయకపోవడం వల్లే కదా, టర్న్‌టేబుల్ ముందు కూర్చున్న ఆ కుర్రాడికి జీవితమంతా చేసే పని దొరికింది!