పదిహేనవ తీగ

మానవ దేహానికి నరాలెటువంటివో వాహనానికి విద్యుత్ తీగలు అటువంటివి. ఇంజను ఎంత బలమైనదైనా, చక్రాలెంత దృఢమైనవైనా, ఆ తీగలలో ప్రవాహం సాగనిదే బండి కదలదు. ఈ సత్యాన్ని మేము భౌతికశాస్త్ర పాఠాలలో ఏనాడో గ్రహించామనుకొన్నాము. నిజంగా గ్రహించినది మాత్రం నిరుడు వేసవి సెలవులలో, పాతబస్తీలోని ఒక చిన్న వర్క్‌షాపులో. ఆ అనుభవంలో మాకు కొంత తలవంపు కూడా ఉన్నది. దానిని దాచకుండా చెప్పడమే న్యాయమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము నలుగురము బి.ఎస్సీ. విద్యార్థులము. మాలో ఒకరి తాతగారికి పాత మహీంద్రా జీపు ఒకటి ఉన్నది. అమెరికాలో విల్లీస్ సంస్థ 1953లో ప్రవేశపెట్టిన ఎత్తు బానెట్ నమూనా అది. అక్కడ దాని తయారీ 1968లో ఆగిపోయినా, మన దేశంలో ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. ఇక్కడ దానిని తయారుచేసిన సంస్థ 1945లో ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’ అనే పేరుతో పుట్టినదనీ, దేశ విభజన తరువాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి కాగా 1948లో నేటి పేరు దాల్చినదనీ చాలామందికి తెలియదు.

తాతగారు ఆ బండిలో పొలాలకు, సంతలకు, పెళ్ళిళ్ళకు తిరిగారు. పదేండ్లుగా అది కొట్టంలో నిలిచిపోయింది. కుమారులు దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయ నిశ్చయించారు. మేము బతిమాలగా, సెలవులు ముగిసేలోగా నడిపి చూపితే ఉంచుతామని గడువు పెట్టారు. తాతగారు మాత్రం ఏమీ అనలేదు. లారీకెక్కించేటప్పుడు బానెట్‌పై ఒకసారి చేయి వేసి లోనికి వెళ్ళిపోయారు.

వర్క్‌షాపు యజమానిని అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. వయస్సు డెబ్బది దాటింది. బాల్యంలో ఉర్దూ బడిలో మూడు తరగతులు చదివారట. ఆయన ఇంజను పరీక్షించి, “దీనికేం రోగం లేదు బేటా, వైరింగే చచ్చిపోయింది” అన్నారు. నూలు అల్లిక చివికిపోయింది. లోపలి రబ్బరు ఎండి, వంచితే పెళ్ళలుగా రాలుతున్నది. నూనె, ధూళి పట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తీగలన్నీ ఒకే మట్టిరంగుకు వచ్చాయి. ఒకటి రెండు తీగలు అతికితే చాలదనీ, మొత్తం మార్చవలసిందేననీ ఉస్తాద్ తేల్చారు.

పాత తీగల కట్టను తెగకుండా ఊడదీసి చెక్కపలకపై పరిచాము. దాని వంపులు, చీలికల వెంబడి మేకులు కొట్టి, ఆ మేకుల నడుమ కొత్త తీగలను సాగదీశాము. ఏ తీగ ఎంత లావుండాలో లెక్క కట్టడం మా వంతు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి, 12 వోల్టుల బ్యాటరీ నుండి ఏడున్నర ఆంపియర్లు కావాలి. సన్నని తీగ వేస్తే అదే వేడెక్కుతుంది, దీపం మసకబారుతుంది. మేము కాగితంపై చెప్పిన దానిని ఉస్తాద్ తీగను వ్రేళ్ళ మధ్య నలిపి చెప్పేవారు. రెండూ సరిపోయేవి. అది చూసి మాకు ఆయనపై గౌరవం, మాపై మాకు గర్వం పెరిగాయి.

ప్రతి తీగ కొసకూ సంఖ్య వ్రాసిన చీటీ కట్టాము. కొన్ని చీటీలు మేము వ్రాశాము, కొన్ని ఉస్తాద్ వ్రాశారు. మేము నలుగురమూ ఉర్దూ మాట్లాడగలము. అక్షరం ముక్క చదవలేము. అంకెలేగదా అనుకొన్నాము.

హారన్‌కు తీగలు రెండు. విద్యుత్తును తెచ్చే తీగ 10. హారన్ నుండి స్టీరింగ్‌పై మీటకు పోయే తీగ 15. మీట నొక్కినపుడు ఈ రెండవ తీగ బండి ఒడలికి తగిలి వలయం పూర్తవుతుంది, హారన్ మ్రోగుతుంది. బిగించేటప్పుడు మాకు పది సంఖ్య గల చీటీలు రెండు కనిపించాయి. ఒకే మరకు రెండు తీగలు రావడం మామూలే గనుక రెండింటినీ అక్కడే బిగించాము. హారన్ రెండవ మర ఖాళీగా మిగిలింది. మా పట్టికలో పదిహేనుకు ఎదురుగా గుర్తు పడనేలేదు. అదీ చూడలేదు.

అస్ర్ నమాజు వేళ అయింది. “నేను వచ్చేదాకా బ్యాటరీ ముట్టవద్దు” అని చెప్పి ఉస్తాద్ వజూకు కుళాయి దగ్గరికి వెళ్ళారు. గడువుకు ఆరు రోజులే ఉన్నది. మేము ఆగలేకపోయాము. బ్యాటరీ తగిలించాము. దీపాలు వెలిగాయి. ఉత్సాహంతో ఒకరు హారన్ మీట నొక్కారు. ధ్వని రాలేదు, పొగ వచ్చింది. ఏండ్ల తరబడి వాడని ఆ మీట లోపలే ఇరుక్కుపోయింది. ఆ దారికి ఇంకా ఫ్యూజు కూడా వేయలేదు. క్షణాలలో తీగలపై పూత కరగసాగింది. మేము కొయ్యబారి నిలుచున్నాము. ఉస్తాద్ తడి చేతులతో పరుగెత్తుకొని వచ్చి, మేము సరిగా బిగించని బ్యాటరీ క్లాంపును లాగివేశారు. ఆయన రెండు వ్రేళ్ళు కాలాయి.

మేము మొదట అన్న మాట తలచుకొంటే నేటికీ సిగ్గు కలుగుతుంది. “మీరే కదా పది అని వ్రాశారు!” అన్నాము.

ఉస్తాద్ చీటీని వెలుతురులో పెట్టి చూశారు. “ఇది పదిహేను బేటా. మాకు సున్న అంటే ఒట్టి చుక్క. ఈ గుండ్రటిది అయిదు” అన్నారు. తరువాత నెమ్మదిగా, “తెలియకపోవడం తప్పు కాదు. అడగకపోవడం తప్పు” అన్నారు. వ్రేళ్ళకు గుడ్డ చుట్టుకొని నమాజుకు వెళ్ళిపోయారు.

సగం తీగలు పాడయ్యాయి. వాటి ఖరీదు ఆయన మా వద్దనే వసూలు చేశారు. అది న్యాయమే. మరునాడు పని ప్రారంభించకముందే ఆయనను కూర్చోబెట్టుకొని ఉర్దూ అంకెలు నేర్చుకొన్నాము. ఒక పూట చాలింది. ఇన్నేండ్లు ఆ ఒక్క పూట మాకు దొరకలేదు! ఈసారి ప్రతి చీటీపై రెండు లిపులలోనూ వ్రాశాము. హారన్‌కు ఫ్యూజు వేశాము. బ్యాటరీకి, తీగలకు నడుమ ఉస్తాద్ ఒక హెడ్‌లైట్ బల్బు తగిలించారు. ఎక్కడ తప్పు జరిగినా బల్బు ప్రకాశిస్తుంది గాని తీగ కాలదు. మీట నొక్కాము. హారన్ బొంగురుగా మూలిగింది. ఆ ధ్వని మాకు షెహనాయిలా వినిపించింది.

గడువుకు ఒకరోజు ముందు జీపు తన చక్రాలపై తాను ఊరు చేరింది. తాతగారు ఎక్కి కూర్చొని, మొదట హారన్ మీటే నొక్కారు. బండి అమ్ముడుపోలేదు.

సోదర విద్యార్థులారా! మన కళాశాల సంచిక కుడినుండి తెరిస్తే ఉర్దూ, ఎడమనుండి తెరిస్తే తెలుగు. మనలో పెక్కుమంది మన సగం చదివి, నడిమి పుట వద్ద ఆగిపోతాము. వారానికొక గంట ఒకరి లిపిని మరొకరు నేర్చుకొనే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. నేర్పడానికి ఉస్తాద్ తన వేలి మచ్చలతో సహా సిద్ధంగా ఉన్నారు.