చిల్లికుండలో ఘంటసాల

సంబంధాలు కలపడంలో మనవాళ్లకున్న నేర్పు మరెవరికీ లేదు. గోత్రం చూస్తాం, నక్షత్రం చూస్తాం, మేనమామల వరసలు కూడా తవ్వితీస్తాం. కానీ గ్రామఫోను సూదికీ యాంప్లిఫయరుకీ జాతకాలు కలవాలంటే మాత్రం నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. కలవకపోతే ఘంటసాలవారంతటివారు కూడా జలుబు చేసినట్టు వినిపిస్తారు!

సూదిని మోసే ఆ చిన్న తలకాయ పేరు కార్‌ట్రిడ్జి. వీటిలో ముఖ్యంగా మూడు శాఖలు. అయస్కాంతం కదిలే రకానికి ఎదురుగా 47 కిలోఓముల రెసిస్టరు వుండాలన్నది లోకమంతా ఒప్పుకున్న లెక్క. పసుపు, వూదా, నారింజ గీతలు కనబడితే అదే. రెండోది తీగచుట్ట కదిలే రకం, మహా సుకుమారి. జపానువారి డెనాన్ డీఎల్-103 వంటిదానికి 100 ఓముల రెసిస్టరు సరిపోతుంది. మూడోది సెరామిక్. నొక్కిడి తగిలితే విద్యుత్తు పుట్టించే పింగాణీ ముక్క. మన యిళ్లల్లో మోగిన సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి యిదే. దీనికి మాత్రం పది, యిరవై లక్షల ఓములు కావాలి!

సోమలలో మా చిన్నాయన దగ్గర అలాంటి పాత ప్లేయరొకటి వుంది. చిన్నమ్మ బతికున్నన్నాళ్లూ తెల్లవారుజామున ఘంటసాల భగవద్గీత పెట్టుకుని, తానూ కూడా సన్నగా పాడుకుంటూ కళ్లాపి చల్లేది. ఆమె పోయాక ప్లేయరు మూలపడింది. మొన్న బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు కొత్తగా ఒక చిన్న యాంప్లిఫయరు కొనితెచ్చి తగిలించాడు. చిన్నాయన రెండు శ్లోకాలు విని లేచిపోయాడు.

"ఘంటసాల గొంతు కాదురా యిది. ఎవురో పిల్లోడు పలికినట్టుండాది. ప్లేట్లు అరిగిపోయినాయి. పాత సామాన్లోడికి ఏసేస్తా, పీడా పోతాది" అన్నాడు. ఆ "పీడా" అన్నప్పుడు ఆయన కళ్లు మాత్రం చిన్నమ్మ పటం మీదున్నాయి.

పుంగనూరులో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకుపోయాం. ఆయన మూత తీసి, పసుపు-వూదా-నారింజ గీతల్ని చూపించి, "కుండకు చిల్లి పెద్దదైంది సామీ" అన్నాడు.

సంగతేమిటంటే, సెరామిక్ తల ఒక చిన్న కుండ, దానికెదురుగా వుండే రెసిస్టరు ఆ కుండకు చిల్లి. ఓములు తగ్గేకొద్దీ చిల్లి పెద్దది. హెచ్చు స్వరం గబగబా నింపి తోడుతుంది గనుక కారేందుకు వ్యవధి వుండదు. మంద్రస్వరం నిదానంగా నింపుతుంది, నిండేలోపే కారిపోతుంది. కుండ 600 పికోఫారడ్లనుకోండి. 47 కిలోఓములు పెడితే సుమారు 5,600 హెర్‌ట్జ్ కింద స్వరాలు సన్నగిల్లడం మొదలవుతుంది. అంటే మనిషి గొంతులో చాలా భాగం నేలపాలు! అదే 2.2 మెగాఓములు పెడితే ఆ గీత 120 దగ్గరికి దిగుతుంది.

ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ గీతల రెసిస్టరు పడింది. ఖర్చు చిల్లర డబ్బులు. లోపలున్నది ఎఫ్ఈటీ రకం ఐసీ గనుక సరిపోయింది, లేకపోతే రెసిస్టరొకటే మార్చి లాభం లేదు. తీగ మాత్రం పొట్టిగా, పైన కవచమున్నది వుండాలన్నాడాయన. లేకుంటే గీతకు ముందు కరెంటు గుయ్యిమని మంగళాచరణ చేస్తుందిట.

ఆ రాత్రి చిన్నాయన ఒక పక్క వింటూ రెండోపక్క తిప్పడం మరిచిపోయాడు. సూది చివరి గాడిలో చాలాసేపు గరగరలాడింది. ఎవరమూ లేచి తీయలేదు. ప్లేట్లన్నీ తిరిగి చిన్నమ్మ పెట్టెలోకి చేరాయి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! మీ యింటి పాత ప్లేటు కీచుమన్నంత మాత్రాన దాన్ని వీధిలో వేయకండి. అరిగిందో, లేక యెదురున్నది వినిపించుకోవడం లేదో ముందు కనుక్కోండి. ముసలివాళ్ల మాటల విషయంలోనూ యీ పరీక్ష కొంత పనికొస్తుంది.